మార్తా మలుపులో మూడో పిలుపు

మార్తా మలుపు దగ్గర ఎవరు పిలిచినా పలక్కూడదట.

ఈ మాట మాకు చెప్పింది పడవ నడిపే గ్రాహమ్. చెప్పి తనే నవ్వాడు. మేమూ నవ్వాం. జూన్ నెల, శనివారం, ఒళ్ళో పులిహోర ప్లేట్లు, మొహం మీద ఉప్పుగాలి. అలాంటప్పుడు దెయ్యమే వచ్చి చెప్పినా నవ్వే వస్తుంది.

ఇంగ్లండు దక్షిణ తీరంలో సౌతాంప్టన్ దాటి పడమరగా వెళితే సముద్రంలో కలిసే చిన్న నది ఒకటుంది. పేరు రాయను. సముద్రానికి కాస్త ఇవతల అది మోచెయ్యిలా వంగుతుంది. ఒక పక్క ఎత్తయిన గట్టు, గట్టు నిండా ఓక్ చెట్లు. రెండో పక్క బురద. ఎప్పుడో మునిగిన పడవ పక్కటెముకలు ఆ బురదలోంచి నల్లగా పైకి లేచి ఉంటాయి. ఎంత గాలున్న రోజైనా సరే, అక్కడికి రాగానే పడిపోతుంది. తెరచాప వాలిపోతుంది. పడవ ఆగిపోతుంది.

అప్పుడు పిలుస్తుందట...

"ఎవరు?" అంది నా స్నేహితురాలు బిందుమాధవి.

"మార్తా. జనాన్ని నది దాటించే మనిషి. ఆమె బిడ్డ ఇక్కడే నీళ్ళలో పడిపోయిందని మా తాత చెప్పేవాడు. కాదు, ఆమే పడిపోయిందని మా అమ్మమ్మ. దొంగసారా దాచుకునేవాళ్ళు జనం రాకుండా పుట్టించిన కథ అని మా నాన్న." గ్రాహమ్ చుక్కాని తిప్పుతూనే చెబుతున్నాడు. "ఏదైతేనేం — మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట. పలికామా, లాక్కెళ్తుంది."

"మరి ఆమెకి తెలుగొచ్చా?" అన్నాడు ఫయాజ్, చాలా సీరియస్‌గా.

గ్రాహమ్ కాసేపు ఆలోచించాడు. "ఇంతవరకూ అవసరం పడినట్టు లేదు."

అందరం పడీ పడీ నవ్వాం.

కానీ నాకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఎందుకంటే ఈ సంగతి నాకు కొత్త కాదు. తెనాలిలో మా రాజ్యం అమ్మమ్మ చెప్పేది — దీపాల వేళ దాటాక ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలక్కూడదు. మనుషులైతే మూడోసారీ పిలుస్తారు. అవైతే రెండుసార్లే. మూడో పిలుపు వాటికి చేతకాదు.

చిన్నప్పుడు పట్టిన అలవాటు. ఇంగ్లండులో ఈ రీడింగ్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా పోలేదు. రాత్రిపూట పైనుంచి మా ఆయన రాజారావు గారు "కస్తూరీ" అంటే పలకను. మళ్ళీ "కస్తూరీ" అంటే పలకను. మూడోసారికి "ఆ" అంటాను. నాకు చెవుడనుకుని ఆయన జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. పరీక్ష చేసి, చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. ఆయన నమ్మలేదు.

అసలు ఆ పడవ ఎందుకెక్కామో చెప్పాలి.

బిందుమాధవి వాళ్ళాయన భానుప్రకాష్ గారికి యాభై నిండాయి. రీడింగ్‌లో ఐటీ కాంట్రాక్టరు. పోయినేడు ఆయనకి ఉన్నట్టుండి పడవల పిచ్చి పట్టింది. వారం వారం క్లాసులకెళ్ళి తెరచాప ఎత్తడం, దించడం నేర్చుకున్నారు. "ఇంట్లో కుక్కర్ మూత పెట్టడం రాదు గానీ తెరచాప ఎత్తుతారట," అనేది బిందు. పుట్టినరోజు హాల్లో వద్దు, తెరచాప పడవ మీదే అన్నారాయన. పడవతో పాటు గ్రాహమ్‌నీ మాట్లాడుకున్నారు. ఆ షరతు బిందు పెట్టింది.

ఎక్కువమందిమి లేము. వాళ్ళిద్దరూ, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన బిందు వాళ్ళమ్మ ప్రభావతి పిన్నిగారూ, భానుప్రకాష్ గారితో పనిచేసే ఫయాజ్, నేను, మా అమ్మాయి మనస్విని. మా ఆయనకి ఆ వారాంతం ఆన్-కాల్ డ్యూటీ.

మనూ ఫొటోలు తీయడానికి వచ్చింది.

దానికి కెమెరా అంటే ప్రాణం. డిగ్రీ అయిపోయి ఏడాది అవుతోంది. వాళ్ళ నాన్న స్విండన్‌లో ఉద్యోగం అంటారు. అది కెమెరా అంటుంది. మధ్యలో నేను పులిహోర కలుపుతుంటాను. అంతవరకూ అది తీసినవన్నీ హాళ్ళలో చిన్నపిల్లల బర్త్‌డేలు. పడవ మీద ఇదే మొదలు. వారం నుంచి బట్టలకన్నా ముందు లెన్సులు సర్దుకుంది.

నా భయం ఒక్కటే. నీళ్ళు.

ఈత దానికి స్కూల్లో నేర్పారు. వెచ్చటి నీళ్ళలో, ఈ గోడ నుంచి ఆ గోడకి. నాకు అదీ రాదు. ఒక్కగానొక్క పిల్ల. రాత్రి నిద్ర పట్టక "జాగ్రత్త తల్లీ" అంటే, "మమ్, చిల్," అంది.

నాలుగేళ్ళు వచ్చేదాకా నేను దానికి 'అమ్మా'నే. బళ్ళో వేసిన వారానికి 'మమ్' అయ్యాను. ఆయన మాత్రం ఇప్పటికీ 'నాన్నా'నే. ఇదెక్కడి న్యాయమే అని అడిగితే, డాడ్ అనే మాట ఆయనకి నప్పదట.

పడవ ఎక్కగానే గ్రాహమ్ అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగాడు. దిగేదాకా తీయకూడదన్నాడు. పిన్నిగారు కంచిపట్టు కట్టుకుని, కాసుల పేరు వేసుకుని వచ్చారు. వాటి మీద జాకెట్టు.

"ఏంటమ్మాయ్ ఇది, గ్యాస్ బండ కట్టినట్టు," అన్నారు నాతో చిన్నగా. "నా వీసా ఫొటో నయం."

"అమ్మమ్మగారూ, మీరు దిగాక నీళ్ళకే జాకెట్ వేయాల," అన్నాడు ఫయాజ్. కర్నూలు మనిషి. ఎవర్నీ వదలడు.

మనూకి గ్రాహమ్ ఇంకో మాట చెప్పాడు. పడవ మీద నడిచేటప్పుడు ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి పడవకి. మనూ తలూపింది. కానీ దాని మెళ్ళో కెమెరా ఉంది. కెమెరాకి రెండు చేతులూ కావాలి.

అది నేను గమనించాను.

మలుపు దాకా ఇంజను మీద వెళ్ళాం. గ్రాహమ్ ఆ కథ చెప్పింది అప్పుడే. మలుపు దాటి సముద్రంలోకి వచ్చాక తెరచాపలు ఎత్తారు. ఒక్కసారిగా గాలి పట్టుకుంది. ఇంజను ఆపేశారు. చప్పుడు పోయి నీళ్ళు చీల్చుకుపోయే శబ్దం ఒక్కటే మిగిలింది. నిజం చెప్పొద్దూ, బాగుంది. నా కాళ్ళు బిగుసుకుపోయి ఉన్నా బాగుంది.

"ఏమక్కా, అట్ల బిగుసుకోని కూర్చున్నావ్? పడవ నువ్వు పట్టుకున్నందుకే తేల్తాండాదా?" అన్నాడు ఫయాజ్.

"అవును. వదిలితే మునుగుతుంది."

కేకు తెచ్చారు. గాలికి కొవ్వొత్తి వెలగదు. భానుప్రకాష్ గారు జాకెట్టు అడ్డం పెట్టినా వెలగలేదు. "మంచిదేలే. పుట్టినరోజు పూట దీపం ఆర్పడం ఏం ఆచారం," అన్నారు పిన్నిగారు. కేకు మీది క్రీము ముక్క లేచి వెళ్ళి ఫయాజ్ గడ్డానికి అంటుకుంది. మనూ టకటకా తీస్తోంది. వంగి, లేచి, మోకాళ్ళ మీద పాకి, తెరచాప కొయ్యని కావిలించుకుని. ఉత్తి కాళ్ళు. జుట్టంతా మొహం మీద. అంత సంతోషంగా దాన్ని చూసి చాలా రోజులైంది.

వాళ్ళ నాన్న చూస్తే స్విండన్ మాట ఎత్తరు అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలింది. ఇక్కడ జూన్‌లో చీకటి పడాలంటే పది కావాలి. దెయ్యాలకి ఓవర్‌టైమ్ సీజన్ కాదు అన్నాడు ఫయాజ్. నదిలోకి వచ్చాం. ముందు తెరచాపతో మెల్లగా, చప్పుడు లేకుండా పైకి వెళుతున్నాం. గట్టు కనపడింది. ఓక్ చెట్లు. బురదలో నల్లటి పక్కటెముకలు.

గాలి పడిపోయింది.

నిజంగానే. ఎవరో స్విచ్చి తీసేసినట్టు. తెరచాప ఒకసారి చప్పట్లు కొట్టి వాలిపోయింది. నీళ్ళు నూనెలా అయిపోయాయి.

"ఆ గట్టు గాలిని ఆపేస్తుంది. అంతే సంగతి," అన్నాడు గ్రాహమ్. ఇంజను వేయబోయాడు. అది దగ్గి ఊరుకుంది. ఒక్క నిమిషం అని కింద గదిలోకి దిగాడు.

అదుగో — ఆ ఒక్క నిమిషంలోనే.

"ఇప్పుడే," అంది బిందు. "గాలి లేదు, కుదుపు లేదు. అమ్మ పట్టుచీరలో ఒక్క మంచి ఫొటో లేదు. జాకెట్లు తీసేయండి. ఆయన పైకొచ్చేలోగా మళ్ళీ వేసుకుందాం."

అందరూ తీసేశారు. పట్టుచీరలు సర్దుకున్నారు. నేనూ తీశాను. నాదీ ఉప్పాడ చీరే మరి. ఎవరికి చెప్పుకోను?

మనూ కూడా తీసేసింది. జాకెట్టు బెల్టుకీ కెమెరా బెల్టుకీ మెలి పడుతోందట. జాకెట్టు నా పక్కన పడేసి, కెమెరా బెల్టు మెడలో వేసుకుని, ముందుకి పడవ ముక్కు దగ్గరికి వెళ్ళిపోయింది.

చూశాను. ఏమీ అనలేదు.

సూర్యుడు అటే ఉన్నాడు, పడవ ముక్కుకి సూటిగా, నీళ్ళకి జానెడు ఎత్తులో. అందరం కళ్ళు చికిలించుకుని అటు తిరిగాం. ఎండలో మనూ కనపడటం లేదు. ముందు వైపంతా బంగారు మంట, అంతే. ఆ మంటలోంచి ఎవరెవరో ఏమేమో అంటున్న మాటలు, నవ్వులు. ఎవరు ఎక్కడున్నారో నాకు తెలియలేదు.

అప్పుడు...

"అమ్మా."

వెనకనుంచి. ఎడమ వైపు. కింద, నీళ్ళకి దగ్గరగా.

తల తిప్పాను. నీళ్ళు. బురద. ఆ పక్కటెముకలు. అంతే. ఎవరూ లేరు.

పలకలేదు. పలకాలని నోటిదాకా వచ్చింది. అలవాటు ఆపేసింది.

బిందు నా గడ్డం పట్టుకుని మళ్ళీ ముందుకి తిప్పింది.

ఫొటో అయింది. ఫయాజ్ పాటెత్తుకున్నాడు. భానుప్రకాష్ గారు ప్లేటు మీద తాళం. పిన్నిగారు "ఇప్పుడు నా కాసుల పేరు పడిందంటావా?" అని అడుగుతున్నారు. పొద్దు గట్టు వెనక్కి దిగింది. వెలుతురు ఒక్కసారిగా బూడిదరంగుకి మారింది.

"అమ్మా."

ఈసారి దగ్గరగా. సన్నగా.

మిగతావాళ్ళ మొహాలు చూశాను. ఎవరూ వినలేదు. ఫయాజ్ పాడుతూనే ఉన్నాడు. గాలి కాబోలు అనుకుందామంటే — గాలి లేదు. కదలకుండా కూర్చున్నాను. నా తలలో రాజ్యం అమ్మమ్మ మఠం వేసుకుని కూర్చుంది. రెండయ్యాయి. ఇంక పిలవదు. మూడోది వాటికి చేతకాదు...

ఎక్కడో దూరాన పెద్ద ఓడ ఏదో వెళ్ళి ఉంటుంది. దాని అల మెల్లగా నదిలోకి వచ్చింది. పడవ ఒక పక్కకి ఒరిగి, రెండో పక్కకి ఒరిగింది. ప్లేట్లు జారాయి. పులిహోర ట్రే వెళ్ళి భానుప్రకాష్ గారి ఒళ్ళో బోర్లా పడింది. ఒకటే నవ్వులు. "మార్తమ్మకి పులిహోర కావాలంట," అన్నాడు ఫయాజ్.

నవ్వులు సద్దుమణిగాయి.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

"అమ్మా..."

మూడోసారి.

"ఆ... వస్తున్నా తల్లీ," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఎక్కిన దగ్గర్నుంచీ కూర్చున్న చోటు నుంచి కదలని మనిషిని, లేచి నడుస్తున్నాను. అంచు తీగ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి, పడవ ముందుకి. "కస్తూరి గారూ, ఎక్కడికి?" అంటున్నారు భానుప్రకాష్ గారు. వాలిపోయిన తెరచాప దుప్పటిలా అడ్డం ఉంది. దాన్ని తోసి అవతలికి వెళ్ళాను.

మనూ లేదు.

అంచున కట్టిన ఇనప తీగకీ, దాన్ని నిలబెట్టిన కడ్డీకీ మధ్య కెమెరా ఇరుక్కుని ఉంది. దాని నల్లటి బెల్టు తీగ మీదుగా కిందికి బిగిసి ఉంది. వణుకుతోంది.

వంగి చూశాను.

బెల్టు అవతలి కొసన నా బిడ్డ. గుండెల దాకా నీళ్ళలో. బెల్టు మెడకి బిగిసిపోయింది. ఒక చెయ్యి బెల్టు లోపల, ఒక చెయ్యి నున్నటి పడవ ఒంటిని గీరుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

పడుకుని దాని చెయ్యి పట్టుకున్నాను. అంతే గుర్తుంది. తరవాత ఫయాజ్ నా పక్కన పడుకున్నాడు. గ్రాహమ్ వచ్చాడు. నడుం పట్టుకుని పైకి లాగి, చాకుతో బెల్టు కోశాడు. పిన్నిగారు తన కంచిపట్టు పమిటతో దాని తల తుడుస్తున్నారు.

ఇంజను ఎప్పుడు అందుకుందో తెలీదు. మలుపు దాటగానే గాలి వచ్చింది.

ఆసుపత్రిలో చూసి, ఎముకకి ఏమీ కాలేదన్నారు. గొంతు లోపల వాచింది. వారం పాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. మెడ చుట్టూ నల్లగా, వేలెడు వెడల్పున గీత. ఆదివారం పొద్దున్న ఇంటికి తెచ్చుకున్నాం. ఆయన దాని మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇంట్లో వాదనలో గెలవడం నాకిదే మొదటిసారి," అన్నారు. నవ్వబోయి ఏడ్చేశారు.

సాయంత్రం బిందూ, పిన్నిగారూ వచ్చారు. పిన్నిగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, పెనం మీద వేశారు. ఇల్లంతా ఘాటు. పైన స్మోక్ అలారం గీపెట్టింది. ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతున్నారు, బిందు కిటికీలు తెరుస్తోంది, మనూ దుప్పటిలో మొహం దాచుకుని శబ్దం లేకుండా నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక నాకు కాస్త ఊపిరి ఆడింది.

"మంచిదాన్నే కన్నాను. మూడోసారి పిలిచింది," అన్నాను పిన్నిగారితో. "రెండోసారితో ఆపేసి ఉంటే నేను లేచేదాన్ని కాదు."

మనూ దుప్పటి తీసింది. ఎవరు పిలిచారన్నట్టు చూసింది.

"నువ్వేనే. అమ్మా, అమ్మా అని. మూడుసార్లు."

ఫోను తీసుకుని ఏదో కొట్టి, నాకు చూపించింది. మెడ బిగిసిపోయింది మమ్, ఊపిరే లేదు, నేనెలా పిలుస్తాను?

చదివాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. ఫోను వెనక్కి తీసుకుని ఇంకో ముక్క కొట్టింది.

నేను నిన్ను అమ్మా అని ఎప్పుడు పిలిచాను?

స్మోక్ అలారం ఆగిపోయింది.

"పలికితే లాక్కెళ్తుందన్నాడుగా ఆ గ్రాహము," అన్నారు చివరికి పిన్నిగారు, నెమ్మదిగా. "లాగింది నిజమే. పైకి లాగింది."

"ఊరుకోండి పిన్నిగారూ," అన్నారు ఆయన. తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీ దిగారు. "సీగల్స్. పిల్ల పక్షులు తల్లి కోసం అరిస్తే అచ్చం అలాగే ఉంటుంది. పైగా తల్లి మనసు. పిల్ల కనపడటం లేదని లోపల ఎక్కడో తట్టింది. చెవికి అది పిలుపైంది. అంతేగా కస్తూరీ?"

అంతే అన్నాను.

నిజంగానే అంతే అనుకున్నాను. సముద్రం దగ్గర పక్షులకేం కొదవ? ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

గురువారం మనూ కొంచెం లేచి తిరుగుతోంది. కెమెరా బాగానే ఉంది. ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో వేసి, మమ్మల్నిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది. క్రీము గడ్డంతో ఫయాజ్. చుక్కాని పట్టుకుని నౌకాదళపతిలా భానుప్రకాష్ గారు. ఎగిరే పైటలు. వెలగని కొవ్వొత్తి చుట్టూ ఆరు అరచేతులు. ఎంత బాగున్నాయో. ఆయన ముందుకి వంగి చూస్తున్నారు. స్విండన్ మాట ఎత్తలేదు.

చివరికి ఆ ఫొటో వచ్చింది.

జాకెట్లు లేవు. అందరి మొహాల మీదా బంగారు రంగు. పిన్నిగారి కాసుల పేరు ఒక్కొక్క కాసూ లెక్కపెట్టేలా పడింది. నలుగురూ కళ్ళు చికిలించుకుని కెమెరా వైపు నవ్వుతున్నారు.

నేను చూడటం లేదు.

నా తల ఎడమకి తిరిగి ఉంది. వెనక్కి, నీళ్ళ వైపు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది — పలకబోయి ఆగినట్టు.

మనూ నా చెవి దగ్గరికి వచ్చింది. ఆ శనివారం తరవాత అది మొదటి మాట. గుసగుసగా, గరగరమంటూ.

"మమ్... ఎవర్ని చూస్తున్నావ్?"

తరవాతి ఫొటో తనే నొక్కింది. బిందు చెయ్యి నా గడ్డం మీద ఉంది.

అదే. మొదటి పిలుపు.

ఆ ఫొటో తీసింది మనూ. అప్పుడది నాకెదురుగా, పడవ ముక్కు మీద, కాళ్ళు కూడా తడవకుండా, రెండు చేతులా కెమెరా పట్టుకుని నిలబడి ఉంది.

అప్పటికింకా పడలేదు.

ఆయన ఆ ఫొటో చాలాసేపు చూశారు. సీగల్ అనలేదు. లాప్‌టాప్ మెల్లగా మూశారు.

నాకు ఆ గొంతు గుర్తొచ్చింది అప్పుడు. మనూదే, సందేహం లేదు. కానీ ఇరవై రెండేళ్ళ మనూది కాదు. బళ్ళో వేయకముందు, మెట్ల మీదినుంచి పిలిచే మనూది.

మొదటిసారికే పలికి ఉంటే, లేచి ఉంటే... బెల్టు దాని మెడకి తగిలేదే కాదు.

అప్పటినుంచి ఎవరు పిలిచినా మొదటిసారికే పలుకుతున్నాను. పగలూ రాత్రీ తేడా లేదు. ఆయన ఇంకా 'కస్' అంటుండగానే 'ఆ' అంటున్నాను. "చెవులు బాగయ్యాయే," అంటున్నారు.

నిన్న సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను.

మనూకి గొంతు వచ్చేసింది. బిందు ఆ ఫొటోలు ఎవరెవరికో చూపించింది, మిల్టన్ కీన్స్ నుంచి ఎవరో పిలిచారు. అక్కడ గృహప్రవేశం విందు. నేల మీద, నాలుగు గోడల మధ్య. నీళ్ళ భయం లేదు. వాళ్ళ నాన్నే కెమెరాకి కొత్త బెల్టు కొనిచ్చి, పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళారు, ఇంకా రాలేదు. ఇంట్లో మేమిద్దరమే. అది గుమ్మంలో నిలబడి బూట్లు వేసుకుంటోంది. భుజాన సంచీ. చేతిలో కారు తాళాలు.

"వెళ్ళొస్తా మమ్. లేటవుతుంది. వెయిట్ చేయకు."

"తిన్నావా?"

"అక్కడ పెడతారు మమ్. గృహప్రవేశం."

నవ్వింది. తలుపు తీసింది. బయట సన్నగా వాన మొదలైంది.

అప్పుడు... నా వెనకనుంచి. ఖాళీగా ఉన్న పై అంతస్తులోంచి. మెట్ల మీదినుంచి.

"అమ్మా."

ఒక్కసారే.

"ఆ," అన్నాను. "విన్నాను తల్లీ."

మనూ గుమ్మంలో ఆగిపోయింది. నా వైపు చూసింది. నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది.

"మమ్... ఎవరితో మాట్లాడుతున్నావ్?"

చెయ్యి చాపాను.

"ఆ తాళాలు ఇలా ఇవ్వు."